పందొమ్మిదోవాడి వేషం

"పందొమ్మిదా!" అన్నాడు యాదగిరి సేటు. చూస్తున్న కందిపప్పును మళ్లీ బస్తాలో పోసేసి, చెయ్యి దులుపుకొని, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నిరోషాను ఎగాదిగా చూశాడు. "పందొమ్మిదోడు గూడ ఒక హీరోనా మేడం?"

"హీరోనే సేటు."

"ఎట్లయితడు? ముంగట పద్దెనిమిది మంది ఉంటే ఈడెవ్వనికి కనవడ్తడు?"

పక్కన హార్మోనియం పెట్టె మీద మోచెయ్యి ఆనించి కూర్చున్న దేవప్ప మాస్టరు సన్నగా దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వు. నవ్వితే సేటుకు కోపం వస్తుంది. సేటుకు కోపం వస్తే నాటకం ఉండదు. ఇన్నేళ్లుగా తాండూరు నాటక సమాజం ఆ దగ్గు మీదే నడుస్తోంది మరి.

ఆ సమాజంలో వేషం అడిగితే దొరకదు, కొనుక్కోవాలి. డేరా, తబలా, దుస్తుల కిరాయి ఇవన్నీ కలిపి ఎవడు ఎక్కువ వేసుకుంటే వాడిది పెద్ద వేషం. గొంతు దేవుడిస్తాడు, వేషం జేబు ఇస్తుంది అంటాడు దేవప్ప. పప్పు మిల్లు ఉన్నవాడు కనుక ప్రతి ఏటా దుర్యోధనుడు యాదగిరి సేటే. కందుల సీజను అయిపోయి మార్కెట్ యార్డు ఖాళీ పడ్డాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కిరీటం పెట్టుకుని గద పట్టుకుని వస్తే, యార్డు రేకులు అదిరేలా ఈలలు పడేవి. ఇప్పుడు పడటం లేదు. జనం పల్చబడిపోయారు. పిల్లలైతే ఫోన్లలో తలలు పెట్టుకుని కూర్చుంటున్నారు.

ఈసారి కొత్త నాటకం కట్టడానికి కారణం కూడా ఆ ఫోనే. జనవరిలో బళ్లో జెండా పండుగ పాటలు నేర్పడానికి దేవప్ప వచ్చినప్పుడు, ఆడపిల్లలు పది మంది ఒక ఫోన్ చుట్టూ మూగి ఏదో సీరియల్ చూస్తున్నారు. వందేళ్ల కిందటి ఒలింపిక్ పోటీల కథట. అందులో మనవాడు గాల్లో ఎగిరి, గుర్రాన్ని దాటి, బంగారు పతకం కొట్టేశాడు. వ్యాయామం టీచరు నిరోషాకు ఒళ్లు మండిపోయింది.

"అంతా అబద్ధం మాస్టర్! పంతొమ్మిది వందల ఇరవైల మన దేశం నుంచి మొదటిసారి ఒక జట్టు పోయింది. బెల్జియంల ఆంట్‌వెర్ప్ అనే ఊరు. గా మారథాన్ అనే పెద్ద పరుగుల మనోడు పందొమ్మిదోడిగ వచ్చిండు. చల్లటి వానల, తెలియని రోడ్ల మీద గంత దూరం ఉరికి వచ్చిండు! గది సాలదా వీళ్లకు? గుర్రమెందుకు మధ్యల?"

"హౌదా? అట్లనా?" అన్నాడు దేవప్ప. ఆయనది సరిహద్దు అవతలి ఊరు, కన్నడం నోట్లోంచి పోదు. "అయితే మీరు గా పందొమ్మిదోని కథ రాయండి టీచరమ్మా. కురుక్షేత్రం వాయించి వాయించి నా పెట్టెకు గూడ నిద్రొస్తుంది."

ఆమె రాసింది. నిజంగా పరుగెత్తినవాడి నోట్లో తన మాటలు పెట్టడం తప్పనిపించి, మారుతి అని ఒక పేరు కల్పించింది. దేవప్ప పాటలు కట్టాడు. యాదగిరి సేటు కథ వినకుండానే పెద్ద వేషం కొనేశాడు. ఇప్పుడు, రిహార్సల్ మొదలయ్యే రోజున, తాను కొన్నది పందొమ్మిదో స్థానమని తెలిసింది.

"సూడు మేడం," అన్నాడు సేటు, గొంతు తగ్గించి. "ఒకటి జెయ్యి."

"ఒకటి కుదరదు."

"సరే, రెండు."

"సేటూ, ఇది కందుల బేరం గాదు."

కాదని ఆమె అంటోంది గానీ, ఆయన చెయ్యి వినడం లేదు. భుజం మీది తువ్వాల తీసి అలవాటు చొప్పున చేతి మీద కప్పి ముందుకు చాచాడు. తువ్వాల కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకోవడం ఆయన తాత నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఎదుట ఉన్నది ఆడమనిషని గుర్తొచ్చి చెయ్యి చటుక్కున దేవప్ప వైపు తిప్పాడు. దేవప్ప మహదానందంగా తన చెయ్యి లోపలికి దూర్చాడు. ఇద్దరూ కాసేపు కళ్లతో మాట్లాడుకున్నారు.

"నీ మాట వద్దు, నా మాట వద్దు," అని సేటు తువ్వాల లాగేశాడు. "మూడు. మూడోనికి గూడ ఏదో ఇస్తరు గద, ఇత్తడిది."

"కంచుది."

"ఇత్తడో కంచో, మెళ్లె అయితే ఏస్తరు గద! సాలు నాకు."

నిరోషాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. బళ్లో ఆటల పోటీలు పెట్టిన ప్రతిసారీ ముగ్గురికే బహుమతి. ముగ్గురికి టిఫిన్ డబ్బాలిచ్చి చప్పట్లు కొడతారు. మిగతా పిల్లలు మైదానం అంచున చెప్పులు వెతుక్కుంటారు. ఆ చెప్పులు వెతుక్కునేవాళ్లు కూడా అంతే దూరం పరుగెత్తారన్న సంగతి ఎవరికీ పట్టదు. వాళ్లకోసమే ఈ నాటకం. ఆ ఒక్క అంకె పోతే ఇది కూడా ఆ గుర్రం సీరియలే అయిపోతుంది.

"సేటూ, వేషం మీది. పాటలు మాస్టరువి. పేరు నేను పెట్టిన. పందొమ్మిది మాత్రం మన ముగ్గుర్ల ఎవ్వరిది గాదు. గది జరిగింది."

"అయితే నేను వేషం ఇడుస్త," అన్నాడు సేటు కుండ బద్దలు కొట్టినట్టు.

వేషం విడిస్తే డేరా లేదు, తబలా లేదు, ఏమీ లేదు. లోపల మిల్లు మర ధడధడమని తిరుగుతోంది. పొట్టు ఒక పక్కకు, పప్పు ఒక పక్కకు పడుతున్నాయి. నిరోషా సంచీ భుజానికి తగిలించుకుని రైలుకు లేచింది. ఆమె ఇల్లు వికారాబాద్‌లో. రోజూ పొద్దున తాండూరుకు వచ్చి సాయంత్రం పోతుంది.

"ఫికర్ చెయ్యకు టీచరమ్మా," అన్నాడు దేవప్ప గేటు దాకా వచ్చి. "రేపు ఆయన్ని గెలిపిద్దాం."

"ఏంది మాస్టర్?"

"గెలవనీ. గెలిస్తేనే తెలుస్తది."

మర్నాడు సాయంత్రం మిల్లు వెనక షెడ్డులో, ఖాళీ గోనెసంచులు పక్కకు నెట్టి, యాదగిరి సేటును గెలిపించారు. ఆయన ధోవతి ఎగ్గట్టి, పొట్ట ముందు నడవగా తాను వెనక నడుస్తూ షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆరుగురు హమాలీలు ఆయన వెనకే రావాలి. యజమానిని దాటకుండా పరుగెత్తడం వాళ్లకు ప్రాణం మీదికొచ్చింది. ఒకడైతే నిలబడిన చోటే కాళ్లాడించాడు. చివర్న కట్టిన ఎర్ర రిబ్బను సేటు ఛాతీతో తెంపి, చేతులు పైకెత్తి, దేవప్ప వైపు తిరిగాడు.

దేవప్ప పెట్టె మూశాడు.

"ఏమాయె? తర్వాత?"

"తర్వాత మంగళం సేటు. అయిపాయె."

"నా పద్యం?"

"గెలిచినోనికి పద్యమేముంటది? దమ్ము తీసుకుంటడు. నీళ్లు తాగుతడు. ఫోటో దిగుతడు." దేవప్ప అమాయకంగా పొడుం పట్టు పట్టాడు. "ఏటేటా దుర్యోధనుని వేషం కొంటరు గద, ఆయన గెలిచిండా? భీముని వేషం సస్తగ, తక్కువ పైసలకే వస్తది, మీరెందుకు కొనరు?"

సేటు రిబ్బను ముక్క పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన డబ్బు మనిషే గానీ అంతకంటే ముందు నటుడు. తొడ విరిగి మడుగు ఒడ్డున పడి ఆయన రాగం తీస్తుంటే, గెలిచిన భీముడు ఒక మూల గదకు ఆనుకుని ఆవులించడం ఎన్నిసార్లు చూడలేదు! కొంచెంసేపు మీసం దువ్వుకున్నాడు.

"మేడం, గా పందొమ్మిదోనికి పాటున్నదా?"

"ఉన్నది సేటు. పరుగైపోయినంక, ఎనక వచ్చేటోళ్లను చూసుకుంట పాడుతడు."

దేవప్ప పెట్టె తెరిచి మెల్లగా పాడాడు.

"ఎనకొచ్చే తమ్ముడా నిమ్మళంగ రారా
బాట తడిసున్నది పైలంగ రారా..."

"మంచిగున్నది," అన్నాడు సేటు. "జర చిన్నగున్నది గానీ మంచిగున్నది. పందొమ్మిదే ఉండనీ."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అయింది. ఆ రోజు రైల్లో నిరోషా దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి తల్లి భాగమ్మకు చెబితే, ఆమె జొన్నరొట్టె తడుతూ, "సంబురపడకు బిడ్డా. ఏషం కట్టేటోని మాట పొయ్యిమీద పాలసొంటిది. ఎప్పుడు పొంగుతదో తెల్వది," అంది. భాగమ్మ ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ కళ్లాల్లో గింజలు కొలిచిన మనిషి. ఆమె చూడని నాటకం ఆ చుట్టుపక్కల పడి ఉండదు.

పాలు రెండు రోజులకే పొంగాయి.

"మేడం, మస్తు ఆలోచన జేసిన," అన్నాడు సేటు షెడ్డులో అడుగుపెడుతూనే. మొహం వెలిగిపోతోంది. "పందొమ్మిది గూడ వద్దు. ఆఖరు జేద్దాం! అందరికంటె ఆఖరుకు నేనొస్త. గీత దాటుత. దాటి కింద పడి, పద్యం పాడి, పానం ఇడుస్త."

నిరోషా చేతిలోని కాగితాలు గోనెసంచుల మీద పడేసింది.

"పందొమ్మిది ఇటు గాదు, అటు గాదు. గెల్సుడన్న ఉండాలె, సచ్చుడన్న ఉండాలె. మధ్యల ఉన్నోన్ని ఎవ్వడు సూస్తడు?"

"సేటూ, ఆయన సావలే! ఉరికిండు, వచ్చిండు, ఓడెక్కి ఇంటికి పోయిండు."

"ఓడ ఎక్కుడు ఎవ్వనికి గావాలె?"

"నాకు గావాలె!"

గొంతు అంత పెద్దగా లేస్తుందని ఆమె అనుకోలేదు. షెడ్డులో అందరూ ఆగిపోయారు. హమాలీ హన్మయ్య భుజం మీది మందు పంపు మెల్లగా కింద పెట్టాడు. నాటకంలో వాన కురిపించే పని అతనిది. పత్తికి మందు కొట్టే పంపులో మంచినీళ్లు పోసి, తెర పక్కన నిలబడి పరుగెత్తేవాళ్ల మీద చల్లాలి.

"గెలిచినోళ్లకు డబ్బాలిస్తరు, సచ్చినోళ్లకు దండలేస్తరు," అంది నిరోషా. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "మధ్యల వచ్చినోళ్లకు ఏమున్నది సేటు? లోకంల అందరం మధ్యల వచ్చినోళ్లమే గద. ఒక్క నాటకమన్న మనది ఉండొద్దా?"

సేటు ఇబ్బందిగా కదిలాడు. ఆడమనిషి కళ్లలో నీళ్లు చూస్తే ఆయనకు బేరం చేతకాదు. "సరే సరే, గింత దానికి పరేషాన్ ఎందుకు? సావను తీ. పందొమ్మిదే."

"మీ ఎనక ఇంకొకరు రావాలె. లేకుంటే జనం మీరే ఆఖరనుకుంటరు. మీ ఎనక గూడ మస్తు మంది వచ్చిన్రు ఆనాడు."

"ఎవ్వడొస్తడు? ఆరుగురే ఉన్నరు. ఆళ్లే టోపీలు మార్చుకుంట మూడుసార్లు తిరగాలె పద్దెనిమిది మంది గావాలంటె. ఆళ్ల దమ్ము గాడికే సరి."

"హన్మయ్యన్న వస్తడు. వాన అయిపోయినంక ఆయనకు పని లేదు."

హన్మయ్య ఉలిక్కిపడ్డాడు. కుల్కచర్ల దగ్గరి మనిషి, పెళ్లికి ముందు నుంచీ సేటు మిల్లులోనే బస్తాలు మోస్తున్నాడు. సమాజానికి డేరా గుంజలు పాతేది అతనే, పీకేది అతనే. ఒక్కసారి కూడా మొహానికి రంగు పూసుకోలేదు. వేషం కొనడం అతని వల్ల అయ్యే పని కాదు. ఇరవయ్యోవాడి వేషాన్ని మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు.

"నేనా మేడం? నేను ఏ దేశపోన్ని?"

"నీకు నచ్చింది పెట్టుకో అన్నా."

హన్మయ్య బాగా ఆలోచించాడు. "గా బెల్జియమే. ఊరోడైతే జెల్ది ఇంటికి పోవచ్చు."

అందరూ పగలబడి నవ్వారు, సేటు కూడా. ఆ రోజు నుంచి హన్మయ్య ఖాళీ దొరికితే చాలు, బస్తాల వరసల మధ్య పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆదివారం పెళ్లాం పిల్లలు కుల్కచర్ల నుంచి బస్సెక్కి వస్తున్నారని గేటు దగ్గరి చాయ్ బండివాడికి కూడా చెప్పాడు. నిరోషా అతని బనియను మీద నంబరులా అతికించడానికి తెల్లగుడ్డ ముక్క కత్తిరించి ఇచ్చింది. రాత్రికి దాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నానని మర్నాడు చెప్పాడు. ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం మార్కెట్ యార్డు రేకుల కింద జనం నిండారు. కొత్త నాటకమని కొందరు, దుర్యోధనుడు లాగు వేసుకుంటున్నాడట చూద్దామని ఎక్కువమంది వచ్చారు. హమాలీలు, రైతులు, దుకాణాలవాళ్లు, బడిపిల్లలు, గోనెసంచులు పరుచుకుని కూర్చున్న ముసలమ్మలు. ఆ ముసలమ్మల మధ్య, ముందు వరసలో, వికారాబాద్ నుంచి కూతురి వెంట రైలెక్కి వచ్చిన భాగమ్మ తమలపాకులు నముల్తూ కూర్చుంది. నిరోషా ఎప్పటిలాగే ట్రాక్ ప్యాంటు, బూట్లు, మెడలో విజిల్‌తో తెర పక్కన నిలబడింది.

నాటకం బాగానే సాగింది. ఓడ సీనులో సేటు నిజంగానే వాంతి వచ్చేంత బాగా నటించాడు. తెల్ల దొరలుగా వచ్చిన హమాలీల మొహాలకు పూసిన పౌడరు చెమటకు చారలు కట్టింది. ఆంట్‌వెర్ప్ అన్న మాట ఎవరి నోటా సరిగా పలకలేదు గానీ, ఎవరికీ పట్టింపు లేదు.

పరుగు మొదలైంది. హన్మయ్య పంపు కొట్టాడు. వాన పడింది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు కావాలని జరిగి జరిగి తడిశారు. పరుగెత్తేవాళ్లు వేదిక దిగి జనం మధ్యలోంచి యార్డంతా చుట్టి మళ్లీ వేదిక మీదికొచ్చి, సున్నంతో గీసిన గీత దాటి తెర వెనక్కు పోవాలి. మొదటి హమాలీ రొప్పుకుంటూ వచ్చి గీత దాటాడు.

"లాభం!" అని అరిచింది భాగమ్మ.

అలవాటు. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ మాట వినగానే జనం మొత్తం నవ్వేశారు. ఆ యార్డులో అందరి చెవులూ ఆ మాట వింటూ పెరిగినవే. రెండోవాడు గీత దాటేసరికి పది గొంతులు కలిశాయి.

"రెండు!"

"మూడు!"

నాలుగు, అయిదు, ఆరు. ఆరోవాడు తెర వెనక్కొచ్చి నీలం టోపీ తీసేసి ఎర్రటోపీ పెట్టుకుని మళ్లీ పరుగెత్తాడు. టోపీ మారిందని జనానికి తెలుసు. తెలిసే లెక్కపెడుతున్నారు. మూడో చుట్టుకు యార్డు యార్డంతా ఒకటే గొంతు అయింది. తెర పక్కన నిరోషాకు ఒళ్లు పులకరించింది. ముగ్గురి తర్వాత కూడా లెక్క సాగడం ఆమె ఇంతకు ముందెన్నడూ వినలేదు.

"పదహారు! పదిహేడు! పద్దెనిమిది!"

దూరంగా, కాంటా దగ్గరి నుంచి, యాదగిరి సేటు వస్తున్నాడు. తడిసిన బనియను పొట్టకు అతుక్కుంది, వేషంలో కూడా వదలని తువ్వాల భుజం మీద వేలాడుతోంది. ఈసారి నటన కాదు, నిజంగానే కాళ్లీడుస్తున్నాడు. వేదిక మెట్టెక్కాడు. గీత దాటాడు.

"పందొమ్మిది!"

యార్డు రేకులు అదిరాయి. ఎన్నో ఏళ్లుగా లేని ఈలలు పడ్డాయి. ఆ ఈలలకు సేటు మనసు ఆగలేదు. గుండె పట్టుకున్నాడు, రెండడుగులు తూలాడు, ధబ్బున వేదిక మీద పడిపోయాడు. పడి, తల ఎత్తి, సాక్షాత్తూ మడుగు ఒడ్డు దుర్యోధనుడిలా రాగం అందుకున్నాడు.

"మాట తప్పిండు!" అంది నిరోషా. దేవప్ప వైపు చూసింది. ఆయన నిస్సహాయంగా భుజాలెగరేసి శ్రుతి పట్టాడు. పాడేవాడిని వదిలెయ్యడం హార్మోనియం జాతిలో లేదు.

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. "హన్మయ్యన్నా, ఉరుకు! తొందరగ!"

హన్మయ్య కదల్లేదు. లాగు తొడుక్కుని ఉన్నాడు, బనియను మీద ఆమె ఇచ్చిన తెల్లగుడ్డ కుట్టుకుని ఉన్నాడు. తలొంచుకుని పంపు పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"సేటు రావద్దన్నడు మేడం. పొద్దుగాల్నే చెప్పిండు. నేనొస్తే పద్యం ఖరాబైతదన్నడు."

తెర సందులోంచి మూడో వరసలో అతని భార్య కనబడుతోంది. చిన్నపిల్లను భుజాల మీద ఎక్కించుకుని, వేదిక వైపు కాదు, కాంటా వైపు చూస్తోంది. మొగుడు అటునుంచి రావాలి గనుక.

బయట సేటు రాగం సాగుతూనే ఉంది. కానీ జనం వినడం లేదు. కొలత మధ్యలో ఆపడం అక్కడెవరికీ అలవాటు లేదు. ముందు ఒక్క గొంతు, అది భాగమ్మదే.

"ఇర్వై ఏది?"

"ఇర్వై ఏదిరా?" అన్నారు హమాలీలు. "ఇర్వై! ఇర్వై!" అని పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు.

"పో అన్నా," అంది నిరోషా. "నిన్నే పిలుస్తున్నరు."

"నా ఒక్కనితోని గాదు మేడం. రేపు మల్ల మిల్లుకు పోవాలె నేను."

"ఒక్కనివి గాదు. నువ్వు ముంగట ఉరుకు, నేను ఎనక వస్త. తిడితే నన్నే తిడతడు."

ఆమె అతని భుజం మీది పంపు తీసి కింద పెట్టింది. ఇద్దరూ రేకుల వెనక నుంచి చుట్టూ తిరిగి కాంటా దగ్గర తేలారు. హన్మయ్య ఒక్క క్షణం జనాన్ని చూసి బిగుసుకుపోయాడు. వెనక నుంచి ఆమె విజిల్ ఊదింది. అంతే, అతను పరుగందుకున్నాడు. బస్తా మోసే మనిషి పరుగు అది, మెడ నిటారుగా, కాళ్లు మాత్రమే కదులుతూ. ఆ వెనక నిరోషా. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎవరో చెంబుతో నీళ్లు చల్లారు. "అయ్యో, గది మా నాయిన!" అని భుజాల మీది పిల్ల కీచుమని అరిచింది. నిరోషాకు ఊపిరి వేడెక్కింది, కాళ్లు తేలికయ్యాయి. బడిలో పిల్లల్ని పరుగెత్తించడమే గానీ తాను పరుగెత్తి ఎన్నాళ్లయిందో. ఎంత సంతోషంగా ఉందో ఆ కాసింతసేపు!

వేదిక మీద చచ్చిపోతున్న యాదగిరి సేటు ఒక కన్ను తెరిచాడు.

చూశాడు. ఒక్కడు కూడా తనను చూడటం లేదు. ఇన్నేళ్ల నటుడికి ఆ మాత్రం తెలియదా, నాటకం ఎక్కడుందో! రాగం మధ్యలో మింగేశాడు. మోకాలి మీద చెయ్యి వేసి, మూలుగుతూ లేచి కూర్చున్నాడు, లేచి నిలబడ్డాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దారి వైపు చూశాడు. పాడటం మొదలుపెట్టాడు.

"ఎనకొచ్చే తమ్ముడా నిమ్మళంగ రారా..."

దేవప్ప వేళ్లు పెట్టె మీద ఎగిరి అందుకున్నాయి.

"బాట తడిసున్నది పైలంగ రారా..."

హన్మయ్య గీత దాటాడు. "ఇర్వై!" అంది యార్డు. అతనికి ఆగడం తెలియక తెర దాకా పోబోతే సేటు చెయ్యి పట్టి ఆపాడు. భుజం మీది తువ్వాల తీశాడు, బేరాల తువ్వాల. దాన్ని హన్మయ్య తడిసిన భుజాల చుట్టూ కప్పి, పక్కన నిలబెట్టుకుని, పాట రెండో చరణం పాడాడు. వేదిక మీద ఆయన పాట అంత బాగా ఎన్నడూ పాడలేదని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆయన కూడా కాదనడు.

నిరోషా గీత దాటినప్పుడు కూడా జనం ఏదో అరిచారు. ఆమెకు చెవుల్లో రక్తం హోరుమంటుంటే సరిగ్గా వినబడలేదు.

మంగళం పాడాక, తెర వెనక, హన్మయ్య పెళ్లాం పిల్లలు అతన్ని చుట్టుముట్టారు. ఫోటో దిగుదామంటే తువ్వాల తీయనన్నాడు. సేటు కూడా పక్కకొచ్చి నిలబడి, "జరుగున్రి జరుగున్రి, నేను పందొమ్మిది, ఈడు ఇర్వై, వరస తప్పొద్దు," అని అందరినీ సర్దాడు. ఫోటో అయ్యాక హన్మయ్య వీపు మీద చరిచి, "పొద్దుగాల అన్నది మనసుల వెట్టుకోకు," అని గొణిగాడు. అంతకంటే సేటుకు క్షమాపణ రాదు. హన్మయ్యకు అదే ఎక్కువైపోయింది, ఖాళీ పంపును ఒకసారి కొట్టాడు.

తర్వాత సేటు మెల్లగా నిరోషా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక్క మాట. గా కాలంల ఆ పోటీల ఆడోళ్లు గూడ ఉరికిన్రా?"

నిరోషా మొహం వేడెక్కింది. "లేదు సేటు."

"లే?"

"గంత దూరం ఆడోళ్లను ఉరకనియ్యలే. మస్తు ఏండ్లకు గానీ ఇయ్యలే."

"ఆహా!" సేటు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నన్ను ఒకటి గానియ్యవు, మూడు గానియ్యవు. చరిత్ర, చరిత్ర అని సావనన్న సావనియ్యవు. నువ్వు మాత్రం లాగు తొడుక్కోని గా దొరల నడుమ ఉరికి వస్తవు!"

దేవప్ప దగ్గాడు. ఈసారి ఆ దగ్గు నవ్వు కాకుండా ఆపడం ఆయన వల్ల కాలేదు. నిరోషా కూడా నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. చరిత్ర గురించి అంత పట్టుబట్టిన మనిషికి, దాన్ని తప్పినందుకు రవ్వంత కూడా బాధ లేదు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ తగ్గింది. రాళ్ల గనులు, కంది కోసేసిన చేన్లు వెనక్కి పోతున్నాయి. భాగమ్మ ఎదురుగా కూర్చుని తమలపాకు నములుతోంది. నోట్లో ఆకు మెత్తబడ్డాక అంది.

"నువ్వు ఉరకంగ సూసుడు నాకు గిదే మొదలు బిడ్డా."

నిరోషా తల్లి వైపు చూసింది.

"నువ్వు బడిల ఉరికిన దినాలల్ల నేను కూలికి పోతుంటి. పొద్దుమీకి ఇంటికొచ్చి ఎన్నోదానివే అంటే, తెల్వదమ్మా అంటుంటివి."

"మూడు దాంకనే లెక్కవెడతరు అమ్మా. తర్వాత పెట్టరు."

"పెట్టకుంటె ఆళ్ల ఖర్మ," అంది భాగమ్మ. కొంగుతో కూతురి మెడ మీద ఎండిన చెమట తుడిచింది. "నేను వెట్టిన గద. ఇర్వై ఒక్కటి."

రైలు ధారూరు దాటింది. నిరోషా లేచి తల్లి పక్కకు పోయి కూర్చుంది.